కాపరి చెప్పని లెక్క

ఆగస్టు వచ్చేసరికి కొచ్కోర్ ఊరు సగం ఖాళీ అయిపోతుంది. మందలున్నవాళ్ళు మందలతోపాటు కొండ మీది పచ్చిక బయళ్ళకి ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటారు. మందలు లేనివాళ్ళు, మందలున్న చుట్టాల గుడారాల్లో పదిరోజులు గడిపి, పులిసిన గుర్రప్పాలు కడుపారా తాగి, బుగ్గలు ఎర్రబడి తిరిగొస్తారు. మందలూ లేక, మందలున్న చుట్టాలూ లేక ఊళ్ళో మిగిలిపోయేవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో బురుల్ ఒకతె.

ఆమెకి ముప్పై రెండేళ్ళు. పొదుపు సంఘం ఆఫీసులో కిటికీ పక్క బల్ల ఆమెది. డబ్బు విషయంలో ఎటూ తేల్చుకోలేనివాళ్ళు అక్కడికొచ్చి కూర్చుంటారు. ఆవునమ్మి ఇంటికప్పు వేయించాలా, కొడుకుని మాస్కో కూలిపనికి పంపాలా, పాత కారు కొనాలా అని అడుగుతారు. బురుల్ ఒక కాగితం తీసి నడిమికి గీత గీస్తుంది. అటూ ఇటూ రాసి, కింద తన సలహా రాసి, ముద్ర వేసి ఇస్తుంది. వాళ్ళ వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషి ఆమే. అందుకే ఆ ముద్రంటే ఆమెకి భయభక్తులు. సిరా ఆరేదాకా కాగితం చేతికివ్వదు.

ఆ బల్ల దగ్గర ఆమె సొంతంగా కనిపెట్టిన కిటుకు ఒకటుంది. కాపరిని ఎప్పుడూ "నీ దగ్గర ఎన్ని ఉన్నాయి?" అని అడగకూడదు. అడిగితే "ఉన్నాయిలే, దేవుడిచ్చినన్ని" అని గోడకేసి చూస్తాడు. లెక్క పైకి చెబితే దిష్టి తగిలి మంద తరిగిపోతుందని ఆ కొండల్లో పసిపిల్లాడికి కూడా తెలుసు. పన్నులవాళ్ళు వచ్చినా సరే, పిల్లనిచ్చే వియ్యంకుడు వచ్చినా సరే, లెక్క మాత్రం నోట రాదు. అందుకని బురుల్ గుర్రాలెన్నో అన్న మాటే ఎత్తదు. రోజుకి ఎన్ని బకెట్ల పాలు, గుర్రప్పిల్లల్ని కట్టేసే తాడు ఎన్ని బారలు, చలికాలానికి గడ్డి ఎన్ని ట్రాక్టర్లు, ఇవే అడుగుతుంది. గడ్డి విషయంలో అబద్ధమాడడం ఎవరికీ తట్టదు. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కకడితే మంద ఎంతో తేలిపోతుంది.

ఆ గురువారం పొద్దున వచ్చిన మనిషికి ఆ కిటుకు అవసరం పడలేదు.

"పందొమ్మిది ఆడగుర్రాలు తల్లీ," అన్నాడు, తెల్ల ఉన్నిటోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటూ. "రాసుకో. పందొమ్మిది."

పేరు మంబెత్. సోన్‌కుల్ సరస్సు ఒడ్డున గుడారం. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ముఖమంతా ఎండకి కమిలిపోయి ఉంది. కూతురు ఉల్జాన్‌కి పెద్దపరీక్షలో మంచి మార్కులే వచ్చాయట. ఉచిత సీటుకి నాలుగు మార్కులు తక్కువట. రాజధాని బిష్కెక్‌లో మందుల చదువుకి డబ్బుకట్టే సీటు దొరికింది. అయిదేళ్ళ చదువు.

"మరి సందేహం ఎక్కడొచ్చింది బాబాయ్?"

"నాకేం సందేహం లేదు. సందేహం దానిది. చలికాలమంతా వాళ్ళ అత్త ఇంట్లో ఉండి ఇక్కడే చదువుకుందిగా, నువ్వు వాళ్ళ బడికొచ్చి ఏదో చెప్పావట. ఏ ఖర్చైనా కాగితం మీద పెట్టి చూసుకోండి, అప్పుడే నిర్ణయించుకోండి అన్నావట. అదిప్పుడు నా పీకల మీదికొచ్చింది. 'ఆ అక్క దగ్గర ముద్ర వేయించి తీసుకురా నాన్నా, అప్పుడు వెళ్తా' అని కూర్చుంది. పెళ్ళిచూపులక్కూడా ముద్ర అడిగేలా ఉంది."

బురుల్ నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. కాగితం తీసి గీత గీసింది. ఫీజు, హాస్టలు, తిండి, అన్నీ కలిపితే ఏడాదికి ఒక ఆడగుర్రం ఖరీదు. పందొమ్మిది ఉన్నవాడికి ఏటా పది పిల్లలైనా పుడతాయి. అందులో ఒకటి అమ్మితే మందకి తెలియను కూడా తెలియదు.

ఎందుకో తెలియదు, ఆ పూట పాలెన్ని అని గాని, గడ్డి ఎంత అని గాని ఆమె అడగలేదు. ఓ పెద్దాయన గొంతులో ఆ మాట, అలా ధీమాగా, "పందొమ్మిది" అని వినబడేసరికి ఆమెకి చెవుల్లో ఇంకో గొంతు మోగింది. బిష్కెక్ హాస్టల్లో ఉన్న నాలుగేళ్ళూ ఆదివారం ఆదివారం తండ్రి జొల్దొష్ ఫోన్ చేసేవాడు. ఎవరికీ లెక్క చెప్పని మనిషి, ఆమెకి మాత్రం చెప్పేవాడు. "ఇరవై రెండు. అన్నీ సుఖంగా ఉన్నాయి. నువ్వు చదువుకో." ఈ లోకంలో తనొక్కతెకే దక్కిన ముద్దు అది అనుకునేది ఆమె.

"చదివించవచ్చు. కుటుంబానికి భారం కాదు," అని రాసి ముద్ర వేసింది. సిరా ఆరాక ఇచ్చింది.

మంబెత్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టోపీలో దోపి, ఆ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. లేచి గుమ్మందాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, కోటు జేబులోంచి ఓ అరలీటరు సోడా సీసా తీసి బల్ల మీద పెట్టాడు. నిండా గుర్రప్పాలు. "మా ఉల్జాన్ చిలికింది తల్లీ," అని చెప్పి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పక్క బల్ల రఖాత్ అక్క ఆ సీసా చూసింది. ఆమెకి యాభై దాటాయి, డబ్బు కట్టించుకునే కిటికీ ఆమెది, నోటికి అడ్డూ అదుపూ లేదు.

"ఎవరే, మన మీద ఇంత దయపుట్టినవాడు?"

"సోన్‌కుల్ ఆయన అక్కా. పందొమ్మిది ఆడగుర్రాలు."

రఖాత్ గిన్నెలో పోసుకోబోతూ ఆగి, సీసాని వెలుతురుకి పట్టుకుని చూసింది. "పందొమ్మిది గుర్రాలవాడు అరలీటరు సీసాలో తెచ్చాడా! పది లీటర్ల డబ్బా తెచ్చి, మోయలేక మన గుమ్మంలో దించిపోవాలి గాని. పాలెన్ని అని అడిగావా?"

"లేదు. ఆయనే చెప్పాడు, పందొమ్మిది అని."

"ఆయనే చెప్పాడా? అడక్కుండా?" రఖాత్ పకపకా నవ్వింది. "ఒసే పిల్లా, నువ్వు కాపరి కూతురివేనా? నా మొగుడితో ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. మూడు కాన్పులయ్యాయి. గొర్రెలెన్నిరా అంటే ఈనాటికీ 'సరిపోతాయిలే' అంటాడు. ఉన్నవాడెవడైనా నోరు విప్పి చెబుతాడటే? లేనివాడికే కదా, చెప్పినా పోయేదేముందని."

ఆమె నవ్వుతూనే ఉంది. బురుల్ చేతిలో గిన్నె బల్ల మీద పెట్టేసింది.

తండ్రి పోయింది ఆమె చదువు ఆఖరి సంవత్సరం మార్చిలో. గుండెపోటు. బురుల్ వచ్చేసరికి ఊరంతా గుమిగూడి ఉంది. వచ్చినవాళ్ళకి వండిపెట్టడానికి గుర్రాన్ని కొయ్యాలి, అది ఆచారం. సొంత బాబాయి ఎవరి మందలోంచో ఒకదాన్ని అప్పుకి తోలుకొచ్చాడు. "మా నాన్నవేవి?" అని అడిగితే అతను ఆమె ముఖంలోకి కాసేపు చూసి, "ధర పడిపోయి, నీవి మూడో ఏడాదికే అయిపోయాయి గదమ్మా. అప్పట్నుంచి వేరేవాళ్ళ గుర్రాలు జీతానికి కాస్తున్నాడు," అన్నాడు. నీవి అన్నాడు, మీ నాన్నవి అనలేదు. ఆమె సెలవులకి వచ్చేది చలికాలంలో, అప్పుడు గుర్రాలు దూరపు మేతలో ఉంటాయి. వేసవిలో "దారిఖర్చు దండగ, అక్కడే ఏదైనా పని చూసుకో" అనేవాడు తండ్రి. ఆమె ఒక హోటల్లో గిన్నెలు కడిగేది. ఆదివారం ఫోన్ వచ్చేది. ఇరవై రెండు.

అమ్మేశాడని ఆమెకి పదేళ్ళుగా తెలుసు. కాని ఆ లెక్క చెప్పిన ప్రతి ఆదివారమూ తనకి అసలు సంగతి చెబుతున్నట్టే అని ఇప్పుడు తెలిసింది. ఉండి ఉంటే చెప్పేవాడు కాదు. "అదేం అడగడమే, ఆడపిల్లవి" అని కసిరేవాడు. కాపరి కూతురు ఆ మాత్రం పోల్చుకోలేక, ముద్దనుకుని మురిసిపోయింది.

"ఏమే, పాలు పులుపెక్కాయా?" అంది రఖాత్.

"లేదక్కా. బాగానే ఉన్నాయి."

శనివారం పొద్దున్నే సరుకులు మోసే జీపులో చోటు అడిగి బురుల్ కొండెక్కింది. కనుమ మీద ఆగస్టులోనే మంచు రాలింది. డ్రైవరు ఎవరింటికని అడిగాడు. చుట్టాలింటికా అన్నాడు. పని మీద అంది. ఆమె చివరిసారి ఆ దారిన వెళ్ళినప్పుడు పదిహేడేళ్ళు, తండ్రి ముందు గుర్రం మీద, తను వెనక.

సరస్సు ఒడ్డున గుడారాలు దూరం దూరంగా ఉన్నాయి. ఒక్కోదాని ముందు నేలబారుగా బిగించిన తాడు, దానికి వరసగా కట్టిన గుర్రప్పిల్లలు. ఓ గుడారం ముందు పదిహేను ఉన్నాయి, ఇంకోచోట ఇరవై దాకా. మంబెత్ గుడారం చివర్న ఉంది. తాడు పొడుగ్గానే ఉంది, పాతది, పందొమ్మిదింటికి సరిపోయేంత. దానికి మూడు పిల్లలు కట్టి ఉన్నాయి.

ఉల్జాన్ మూడోదాని తల్లి దగ్గర ఒక మోకాలు నేలకానించి పాలు పితుకుతోంది. బకెట్ రెండో మోకాలి మీద. సన్నటి పిల్ల, జుట్టు రుమాలులో దాచుకుంది. బురుల్‌ని చూడగానే గుర్తుపట్టింది, కాని లేవలేదు. పాలు ఆగిపోతాయి గనక.

"వచ్చారా అక్కా," అంది. ఆశ్చర్యం లేదు గొంతులో. "రెండు రోజులు ఆలస్యమైంది."

"నేనొస్తానని నీకెలా తెలుసు?"

"రారనే అనుకున్నా." పితకడం ముగించింది. తర్వాత పిల్లని తల్లి దగ్గరికి వదిలి, చేతులు పరికిణీకి తుడుచుకుంది. "మీరు బడిలో చెప్పారు కదా, కాపరి లెక్క చెప్పకపోయినా పాలని బట్టి కనిపెట్టేస్తానని. అందరం నవ్వాం. అందుకే నాన్నని మీ దగ్గరికే పంపాను. ఆ సీసా కూడా కావాలనే చిన్నది ఇచ్చా."

బురుల్ మళ్ళీ తాడు వైపు చూసింది.

"అమ్మకి జబ్బు చేసినప్పుడు పదహారు అమ్మాం. అమ్మా దక్కలేదు. ఈ మూడూ మిగిలాయి. ఇవి కూడా అమ్మి నన్ను చదివిస్తానంటాడు. వద్దంటే అన్నం మానేస్తాడు. నేను కాదంటే మనసు కష్టపెట్టుకుంటాడు, మీరు కాదని రాసి ముద్ర వేస్తే ఆఫీసు మాట గనక ఊరుకుంటాడు అనుకున్నా." ఆ పిల్ల బకెట్ మీద గుడ్డ కప్పింది. "మీరేమో సరే అని వేసేశారు. ఇప్పుడు నేను ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?"

"నేను అడగడం మర్చిపోయాను ఉల్జాన్," అంది బురుల్. "తప్పు నాది."

మంబెత్ గుడారంలోంచి బయటికొచ్చాడు. ఆమెని చూసి ఒక్క క్షణం నిలబడిపోయాడు. తర్వాత ఏమీ జరగనట్టు, "రా తల్లీ, రా. చలిలో నిలబెట్టావేమే ఆవిణ్ణి?" అని కూతుర్ని కేకలేసి లోపలికి తీసుకెళ్ళాడు. చాప పరిచి, మీగడ, నూనెలో వేయించిన పిండిముక్కలు, పాలుపోసిన టీ ముందు పెట్టారు. ఇంట్లో ఉన్నదంతా పెట్టేశారని ఆమెకి తెలుస్తూనే ఉంది. అక్కర్లేదనకూడదు. తిన్నది.

తిన్నాక సంచీలోంచి కొత్త కాగితం తీసింది.

"బాబాయ్, పాత కాగితం ఇవ్వండి. అది చెల్లదు."

"ఎందుకు చెల్లదు? ముద్ర నీదే గదా?"

"లెక్క మీది."

మంబెత్ టోపీ తీయలేదు. రెండు చేతులూ దాని మీద పెట్టుకున్నాడు. "నువ్వే చెప్పావటగా బడిలో. గుర్రం చచ్చిపోతుంది, చదువు చావదు అని. గోడ మీద బొమ్మేసి మరీ చూపించావట. చదువు మీద పెట్టిన డబ్బు పదేళ్ళలో మూడింతలు అని. మరి ఆ బొమ్మ అబద్ధమా? లేకపోతే నా కూతురికి పనికిరాదా?"

"అబద్ధం కాదు. కాని ఆ బొమ్మలో మీరు లేరు బాబాయ్."

"నాదేముంది, ముసలాణ్ణి."

"మొదటేడు ఒకటి అమ్ముతారు. రెండో ఏడు ఒకటి. మూడో ఏడు ఆఖరిది. నాలుగో చలికాలం వేరేవాళ్ళ గుర్రాలు జీతానికి కాస్తారు, మంచులో, ఈ వయసులో. ఫోన్‌లో మాత్రం పందొమ్మిది అంటారు. మీ అమ్మాయి నమ్ముతుంది. నమ్మి, హాయిగా చదువుకుంటుంది."

"చదువుకోనీ! నాక్కావలసింది అదే!" మంబెత్ గొంతు పెరిగింది. "మీ నాన్న సంగతి ఈ కొండలో ఎవరికి తెలియదు? జొల్దొష్ ఇరవై రెండు గుర్రాలమ్మి నిన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నేను వాడికంటే తక్కువా? నువ్వు ఎక్కావు గనక ఇంకెవరూ ఎక్కకూడదా?"

ఉల్జాన్ "నాన్నా!" అంది.

బురుల్ తల వంచుకుంది. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. పదేళ్ళుగా ఎన్నో రాత్రులు ఆమె కాగితం లేకుండానే ఆ గీత గీసి చూసుకుంది. ఇటు ఇరవై రెండు గుర్రాలు. అటు ఇరవై నాలుగు వేల సోముల జీతం, అద్దెగది, కిటికీ పక్క బల్ల, కొలువులో మర్యాద. చదువు వృథా అని ఆమె ఎన్నడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. ఆ చదువే లేకపోతే ఈ మనిషి ముందు ఈ కాగితం పెట్టగలిగేదే కాదు. కాని ఆ గీతకి ఏ పక్కనా ఎక్కనిది ఒకటి మిగిలిపోయేది.

"మీరు తక్కువ కాదు బాబాయ్," అంది మెల్లగా. "మా నాన్న నన్ను అడగలేదు. అదొక్కటే. అడిగి ఉంటే నేను చదువు మానేసేదాన్ని కాదు. దగ్గర్లో నరీన్‌లో చదివేదాన్ని. శనివారం బస్సెక్కి వచ్చి ఆయనతో కూర్చుని టీ తాగేదాన్ని. ఉన్న గుర్రాలేవో ఇద్దరం కాసేవాళ్ళం. నాకు పట్టా ఉంది బాబాయ్. వేసవొస్తే వెళ్ళడానికి ఒక్క గుడారం లేదు."

బయట గుర్రప్పిల్ల సకిలించింది.

ఆమె కాగితం మీద గీత గీసింది. ఈసారి మంబెత్‌ని ఏమీ అడగలేదు. కూతురిని అడిగింది. ఉల్జాన్ పాలు చెప్పింది, గడ్డి చెప్పింది, అత్త దగ్గర తీసుకున్న బియ్యం, పిండి కూడా చెప్పింది. గుర్రాలెన్నో మాత్రం చెప్పలేదు, బురుల్ అడగలేదు. నరీన్‌లో వైద్య కళాశాల ఉంది. మందుల చదువు అక్కడా ఉంది, మూడేళ్ళు, ఫీజు నాలుగోవంతు. పాల డబ్బు, కోతల కూలి, ఏటా ఒక ఏడాది వయసు గుర్రప్పిల్లని అమ్మితే వచ్చేది, ఇవి చాలు. తల్లులు కదలక్కర్లేదు. ఆ తర్వాత ఉల్జాన్‌కి ఇంకా చదవాలనుంటే, చేతిలో సొంత సంపాదనతో బిష్కెక్ వెళ్ళవచ్చు.

"చదివించవచ్చు" అని రాసింది. "నరీన్‌లో" అని పక్కన చేర్చింది. ముద్ర, సిరాపెట్టె సంచీలోనే తెచ్చుకుంది. కాని వెయ్యకుండా కాగితాన్ని మంబెత్ ముందుకి జరిపింది.

మంబెత్ దాన్ని చూడలేదు. "బిష్కెక్ అని ఊరంతా చెప్పుకున్నానే," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. లేచి, గోడకి వేలాడుతున్న కళ్ళెం తీసుకుని బయటికెళ్ళిపోయాడు. కాసేపటికి గుర్రం డెక్కల చప్పుడు దూరమైంది.

"వస్తాడా?" అంది బురుల్.

"గుర్రాలు పాలవేళకి రావాలిగా, వస్తాడు," అంది ఉల్జాన్. ఆ పిల్ల ముద్ర తీసుకుని, సిరాలో అద్ది, తనే కాగితం మీద గట్టిగా నొక్కింది. తర్వాత ఊదుతూ కూర్చుంది. "నాన్న టోపీ కిందది ఎలా తీసుకోవడం అక్కా?"

"తలంటుకున్నప్పుడు."

ఇద్దరూ నవ్వారు. జీపు హారను మోగింది. మంబెత్ తిరిగొచ్చేదాకా ఆగడానికి డ్రైవరు ఒప్పుకోలేదు. కొండ మలుపు తిరిగేటప్పుడు బురుల్ వెనక్కి చూసింది. చివరి గుడారం ముందు పొడుగాటి తాడు, దాని మీద మూడు చుక్కలు.

ఏం తేలిందో ఆమెకి తెలియలేదు. సెప్టెంబరులో మందలు దిగాయి, ఊరు నిండింది. వీధుల్లో పలకరింపులు, వేపుళ్ళ వాసనలు. బురుల్ ఆఫీసునుంచి గదికి, గదినుంచి ఆఫీసుకి నడిచింది. మంబెత్ రాలేదు. రఖాత్ అక్క ఒకసారి అడిగింది, తర్వాత అడగడం మానేసింది.

అక్టోబరు రెండో ఆదివారం మధ్యాహ్నం ఆమె గదిలో చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటోంది. ఆదివారాలు ఆ వేళకి ఏదో ఒక పని పెట్టుకోవడం ఆమెకి అలవాటు. ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"అక్కా, నేను ఉల్జాన్‌ని. నరీన్ నుంచి. హాస్టల్లో ఉన్నా."

"నరీన్ నుంచా?" ఇస్త్రీపెట్టె నిలబెట్టి, మంచం అంచున కూర్చుంది. "నాన్న?"

"ఇప్పుడే ఫోన్ చేశాడు. మొదట చలి సంగతి చెప్పాడు. మీమీద ఇంకా కోపంగానే ఉన్నాడు. 'ఆ బల్ల మనిషి' అంటాడు మిమ్మల్ని." అటునుంచి నవ్వు వినబడింది. "నేను అడిగాను అక్కా. ఊరికే అడిగి చూశా. గుర్రాలెన్ని ఉన్నాయి నాన్నా అని."

"ఏమన్నాడు?"

"తిట్టాడు. 'నాలుగు అక్షరాలు రాగానే బుద్ధి గడ్డి తిందా, అదేం అడగడమే, ఉన్నాయిలే దేవుడిచ్చినన్ని' అని ఫోన్ పెట్టేశాడు."

ఆ పిల్ల ఇంకేదో చెబుతోంది, హాస్టలు తిండి గురించి, శనివారం బస్సు గురించి. బురుల్ "ఊఁ, ఊఁ" అంటూ వింటోంది. ఇస్త్రీపెట్టె తీగ లాగెయ్యాలని గుర్తుకొచ్చి లాగేసింది. ఫోన్ పెట్టేశాక గదిలో చప్పుడు లేదు. పక్కింటి వాకిట్లో ఎవరి చుట్టాలో దిగినట్టున్నారు, గుమ్మంలో బూట్లు విప్పుతూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఆమె చాలాసేపు ఆ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. తర్వాత లేచి, మిగిలిన చొక్కా చల్లటి పెట్టెతోనే ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది.